నీదే అసలు పాట

ఆ శనివారానికి జెయంతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఆరున్నరకు విరుదునగర్‌లో బస్సెక్కాలి, కోవిల్‌పట్టిలో దిగి ఎట్టయాపురం వైపు పోయే టౌన్ బస్సు పట్టుకుని పుట్టింటికి చేరాలి, ఒక పాట పాడాలి, అమ్మ చేతి అన్నం తిని వెనక్కి రావాలి. మర్నాటి ఇడ్లీలకు బియ్యం, మినప్పప్పు వేరువేరు గిన్నెల్లో నానబోసి, సాయంత్రానికల్లా తానే వచ్చి రుబ్బుతానని భర్త కుమారవేల్‌కు చెప్పింది. పప్పుమిల్లుకు బయల్దేరుతున్న కుమారవేల్, ఒక్క పాటే కదా, మూడు నిమిషాల పని అన్నాడు. పెళ్ళయి ఆరేళ్ళయినా అతనికి అత్తవారింటి సంగతి పూర్తిగా తెలియదు.

పాట నిజంగా మూడు నిమిషాలదే. 1993లో జెయంతి తండ్రి మునుసామి కట్టినది. మునుసామి అగ్గిపెట్టెల కంపెనీలో మూటలు మోసేవాడు. చిన్నప్పుడు కొన్నేళ్ళు బోర్డింగు స్కూల్లో ఉండగా, అక్కడి అయ్యవారు పిల్లలను నాలుగు వరసల్లో నిలబెట్టి, ఒకే పాటను వరసకో రాగంలో నేర్పి, అన్నీ కలిపి ఒకేసారి పాడించేవాడట. మునుసామి చదువు ఐదో క్లాసుతో ఆగింది కానీ ఆ పిచ్చి మాత్రం ఆగలేదు.

ఊళ్ళో చర్చి అంటే పెంకుల కప్పు, నేల మీద చాపలు, ముప్పై నలభై మంది జనం. పాటలన్నీ తమిళంలోనే. ఆ ఊరి తెలుగువాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే తమిళం. దేవుడు గడప అవతలివాడు కనుక ఆయనతో కూడా తమిళమే మాట్లాడేవాళ్ళు. మునుసామి ఒక్కడే ధైర్యం చేసి ఇంటి మాటల్లో పాట కట్టాడు. "నెర్రెలిచ్చిన నేలకు వానై రావయ్యా" అని మొదలవుతుంది. రెండే చరణాలు. దాన్ని తన ముగ్గురు పిల్లలకూ మూడు రాగాలుగా నేర్పి, కోతల పండక్కి చర్చిలో పాడించాడు. జెయంతికి అప్పుడు పద్నాలుగు, పెద్ద తమ్ముడు తంగసామికి పన్నెండు, చిన్నవాడు అంతోణికి తొమ్మిది.

మునుసామి నేర్పడంలో ఒక పద్ధతి ఉండేది. ముగ్గురినీ ఎప్పుడూ కలిపి కూర్చోబెట్టలేదు. జెయంతికి దొడ్లో నేర్పాడు, తంగసామికి సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కంపెనీ దారిలో నేర్పాడు, అంతోణికి స్నానం చేయిస్తూ నేర్పాడు. "ఇంగొకరిది వింటే నీది పోతాది" అనేది ఆయన సిద్ధాంతం. అందుకని చర్చిలో జెయంతిని కిటికీ దగ్గర, తంగసామిని వాకిలి దగ్గర, అంతోణిని పాస్టరు బల్ల పక్కన నిలబెట్టి, రెండు చెవుల్లో రెండు వేళ్ళు గట్టిగా పెట్టుకుని పాడమనేవాడు. ముగ్గురూ అట్లాగే కళ్ళు కూడా మూసుకుని పాడేవాళ్ళు. నాలుగు కోతల పండగలకు పాడారు, జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆ పాట మొత్తంగా ఎట్లా ఉంటుందో పాడిన ముగ్గురికీ తెలియదు.

1997లో మునుసామి పోయాడు. పాట కూడా ఆగిపోయింది.

ఇప్పుడు 2004లో చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలన్నీ కలిసి ఒక పాటల పుస్తకం వేస్తున్నాయి. ఊరికి ఒక పేజీ. ఆ పేజీలో మునుసామి పాట వెయ్యాలని కొత్తగా వచ్చిన పాస్టరయ్యకు ఎవరో చెప్పారు. మాటలు తంగసామి దగ్గర రాసి ఉన్నాయి. రాగం ఎక్కడా రాసి లేదు. శనివారం ఎవరైనా వచ్చి కేసెట్‌లో పాడితే, పాస్టరయ్య దాన్ని నాలుగు గంటల బస్సులో విరుదునగర్ తీసుకుపోతాడు, అక్కడ ఒక చర్చి పాటల మాస్టారు రాత్రికి స్వరాలు రాసి అచ్చుకు పంపుతాడు. ఆ బస్సు తప్పితే పేజీ పక్క ఊరికి పోతుంది.

ఆ పేజీ జెయంతికి ఎంత ముఖ్యమో చెప్పాలంటే మునుసామి పేరు సంగతి చెప్పాలి. రేషన్ కార్డులో ఆయన పేరు మారిసామి అని పడింది. ఓటర్ల జాబితాలో ఆడవాళ్ళ వైపు పడింది. కంపెనీ గేటు దగ్గర బోర్డు మీద పాతికేళ్ళు పనిచేసినవాళ్ళ పేర్లు రాశారు, మునుసామి ఇరవై నాలుగేళ్ళు చేశాడు. బతికినంత కాలం ఆయన పేరు ఎక్కడా సరిగ్గా అచ్చు కాలేదని, ఒక్కచోట అయినా కావాలని జెయంతి కోరిక. ఆ కోరిక ఆమె ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా.

ఇంకొకటి కూడా ఆమె ఎవరితోనూ అనలేదు. 1993లో ఒక రోజు దొడ్లో పాట నేర్పుతూ మునుసామి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పిన మాట అది. "పాపా, నీదే అసలు పాట. తమ్ముళ్ళది చుమ్మా, ఊరికే తోడుకి. వాండ్లతో చెప్పొద్దు, మనసు నొచ్చుకుంటారు." జెయంతి పదకొండేళ్ళుగా చెప్పలేదు. తంగసామి మాట్లాడనన్నప్పుడు, అంతోణి ఎకసెక్కం ఆడినప్పుడు, నాయిన తనకు ఇచ్చిన ఆ మాటను లోపల తలుచుకుని ఊరుకునేది.

అందుకే పాస్టరయ్య వీధి చివరి టెలిఫోన్ బూతుకు ఫోన్ చేసి, అసలు రాగం ఒకరు పాడితే చాలన్నప్పుడు, ఆయనకు ఈ సంగతి ఎట్లా తెలిసిందా అని కూడా ఆమె అనుకోలేదు. తెలిసే ఉంటుందనుకుంది.

పాస్టరయ్యకు ఏమీ తెలియదు. ఆయన నాగర్‌కోయిల్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. సంగీతం అంతకన్నా రాదు. ఫోను అందుతుందో అందదో అన్న అనుమానంతో ముగ్గురికీ ఇదే కబురు విడివిడిగా పంపించాడు.

తొమ్మిదిన్నరకు జెయంతి ఇల్లు చేరేసరికి తంగసామి మెడకు మఫ్లర్ చుట్టుకుని, మిరియాల కషాయం తాగుతూ అరుగు మీద ఉన్నాడు. కోవిల్‌పట్టిలో మిల్లు వాచ్‌మన్ పని అతనిది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. అక్కను చూసి, నువ్వెందుకు శ్రమపడి వచ్చావు, నేను పాడేవాణ్ణి కదా అన్నాడు. ఆ మాట ముగియకముందే తాయిల్‌పట్టి నుంచి అంతోణి దిగాడు. టపాకాయల కంపెనీలో పెట్టెలు కట్టే పని. చేతిలో తేనె సీసా ఉంది. ఇద్దరినీ చూసి అతను కూడా అదే అన్నాడు, ఇద్దరూ పనులు మానుకుని రావడం ఎందుకని. ముగ్గురూ ఒకరినొకరు మర్యాదగా చూసుకున్నారు.

తల్లి పొన్నమ్మాళ్ వాకిట్లో కూర్చుని అగ్గిపుల్లలను చట్రంలో పేరుస్తోంది. కంపెనీ ఇంటికిచ్చే పని అది, ముప్పై ఏళ్ళుగా చేస్తోంది. పిల్లలను చూసి ముసిముసిగా నవ్వి, "ముగ్గురూ వస్తిరా, మంచిదాయె. ఆ పాట..." అని ఏదో అనబోయింది. కాఫీ ఉందా అమ్మా అని ముగ్గురూ ఒకేసారి అడిగారు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

చర్చిలో పాస్టరయ్య టేప్ రికార్డరుతో సిద్ధంగా ఉన్నాడు. దానిలో ఉన్నది ఒకే కేసెట్, రెండు వైపులా కలిపి గంట. ఎర్రబొత్తాన్ని నొక్కడం ఆ ఉదయమే నేర్చుకున్నాడు. మధ్యలో ఆపితే పాట తెగిపోతుందేమోనని, ఎవరి నోరు కదులుతున్నా ఆపకూడదని, అందరూ ఊరుకున్నాకే ఆపాలని నిశ్చయించుకున్నాడు. బొత్తాం నొక్కి, పాడవచ్చునని చేత్తో సైగ చేశాడు.

ముగ్గురూ ఒకేసారి నోరు తెరిచారు. మొదటి మాట దగ్గరే ఆగి ముగ్గురూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. తరువాత తంగసామి గొంతు సవరించుకుని, అసలు రాగం కావాలన్నారు కనుక మీరిద్దరూ కాసేపు ఆగండన్నాడు. అదే మాట తానూ చెప్పబోతున్నానని జెయంతి అంది. అంతోణి కళ్ళు మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పాడడం మొదలుపెట్టాడు. అతన్ని ఆపాలని తంగసామి తనది ఎత్తుకున్నాడు. ఇద్దరినీ ఆపాలని జెయంతి తనది ఎత్తుకుంది. పాస్టరయ్య మర్యాదస్తుడు, అయిపోయేదాకా ఆగి, ఈ మూడు పాటల్లో పుస్తకానికి ఏది అని తమిళంలో అడిగాడు.

ఒకటే పాట అన్నారు ముగ్గురూ. అసలుది నాది అన్నారు ముగ్గురూ.

పదకొండేళ్ళ రహస్యం ముందుగా ఎవరి నోటి నుంచి వచ్చిందో తరువాత ఎవరూ ఒప్పుకోలేదు. టేపులో మాత్రం అంతోణి గొంతే ముందు వినిపిస్తుంది. "నాయిన నాతో చెప్పినాడు, నీదే అసలు పాటని. మీతో చెప్పొద్దన్నాడు, మనసు నొచ్చుకుంటారని. అందుకే ఇన్నాళ్ళు చెప్పలే."

తంగసామి మఫ్లర్ విప్పేశాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సైకిలు మీద పోతూ, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు నాయిన ఇదే మాట తనతో చెప్పాడని, గేటు తీసేదాకా రెండుసార్లు చెప్పాడని అన్నాడు. దొడ్లో తనతోనూ ఇదే చెప్పాడని జెయంతి అంది. గట్టిగా ఏడ్చేసింది. ఆమె ఏడుపు పేజీ పోతుందని కాదు. పదకొండేళ్ళుగా తనకొక్కదానికే ఇచ్చాడనుకున్నది ముగ్గురికీ పంచిపెట్టిన సంగతి అప్పుడే తెలిసి, తనకు మిగిలింది ఏముందా అని ఏడ్చింది. తమ్ముళ్ళు అది చూసి, అక్క ఓడిపోయినందుకు ఏడుస్తోంది కనుక అసలు పాట తమ ఇద్దరిలో ఒకరిదని అనుకుని, వాదన తమ మధ్యకు తెచ్చుకున్నారు. కేసెట్ మొదటి వైపు సగం ఇట్లా నిండింది.

సాక్షులను పిలుద్దామని తంగసామి అన్నాడు. ఆ మాట న్యాయంగానే ఉంది. పాత జనంలో చాలామంది తిరుప్పూరుకూ మదురైకీ వెళ్ళిపోయారు. చర్చి పక్కన అగ్గిపెట్టెల షెడ్డులో పన్నెండుమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు, వాళ్ళు చిన్నప్పుడు ఆ పాట విన్నవాళ్ళే. మధ్యాహ్నం అన్నం గంటకు వాళ్ళంతా టిఫిన్ గిన్నెలతో చర్చిలోకి వచ్చి కూర్చున్నారు. ముగ్గురూ వరసగా పాడి వినిపించారు. ఓట్లు అడిగితే నాలుగు, నాలుగు, నాలుగు వచ్చాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిన్నప్పుడు కిటికీ పక్క చాప మీద కూర్చున్నవాళ్ళకు జెయంతిది వినిపించింది, వాకిలి పక్కవాళ్ళకు తంగసామిది, బల్ల ముందు కూర్చున్నవాళ్ళకు అంతోణిది. ఓట్లు వేసి, అన్నం తిని, గిన్నెలు కడుక్కుని వాళ్ళు పనికి వెళ్ళిపోయారు.

ఈలోగా పొన్నమ్మాళ్ కాఫీ తెచ్చింది. గ్లాసులు అందిస్తూ, "ఒరే తంగసామీ, ఆ పాట ఎట్లనంటే..." అంది. తంగసామి, నువ్వు చుమ్మా ఉండమ్మా, ఇది రాగం సంగతి అన్నాడు. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని చుమ్మానే వెళ్ళింది. రెండు గంటలకు అన్నాలకు పిలిచింది, ఎవరూ వెళ్ళలేదు. చివరికి ఆమె పుల్లల చట్రం ఎత్తుకొచ్చి, చర్చి వాకిట్లోనే కూర్చుని పని చేసుకుంటూ వాళ్ళను చూస్తూ ఉండిపోయింది.

రెండున్నరకు అంతోణికి గోవిందమ్మాళ్ గుర్తొచ్చింది. చర్చి వెనక పత్తిచేను ఆమెదే. చర్చికి రాదు, గుడికి కూడా ఎప్పుడైనా గానీ పోదు. తెల్లారితే చేలో, పొద్దుగూకితే ఇంట్లో. కానీ కోతల పండగలప్పుడు చేలోనే ఉండి పాట వినేది. బయటి మనిషి కనుక పక్షపాతం ఉండదని ముగ్గురూ ఒప్పుకున్నారు. గోవిందమ్మాళ్ తన నల్లమేకను చర్చి కిటికీ బయట వదిలేసి, తలపాగా సర్దుకుని వచ్చి, గడప మీద కూర్చుని మూడు పాటలూ శ్రద్ధగా విన్నది.

"ఈ మూడూ కాదు" అంది చివరికి. "నేను పత్తిలో ఉంటే వినబడేది ఇంగొకటి."

అదేదో పాడి చూపించమని జెయంతి బతిమాలింది.

"నాకు పాడను రాదు పాపా. వినను వస్తాది" అంది గోవిందమ్మాళ్.

పాస్టరయ్యకు ఇప్పటిదాకా జరిగింది సరిగ్గా అర్థం కాలేదు. తంగసామి తమిళంలో చెప్పగానే ఆయన ముఖం మారింది. ముగ్గురు బిడ్డలకూ తెలియని పాట, ఊళ్ళో ఎవరూ ఒకేలా చెప్పని పాట, మునుసామి కట్టిందేనని ఏమిటి నమ్మకం? పక్క ఊరివాళ్ళ పాట సిద్ధంగా ఉంది, దాన్నే వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదని మెల్లిగా అన్నాడు. ఆ మెల్లిగా అనడమే ముగ్గురినీ భయపెట్టింది. అప్పటిదాకా నాది అంటే నాది అన్నవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. తాను ఒప్పుకుంటానని, తంగసామిదే వేయమని జెయంతి అంది. వద్దు, అక్కదే వేయమని తంగసామి అన్నాడు. ఎవరిదైనా సరే నాయిన పేరు పడాలని అంతోణి అన్నాడు. అప్పుడు గడియారంలో మూడుంబావు.

పాస్టరయ్య కేసెట్ వైపు చూశాడు. రెండో వైపు చివర కొంచెమే మిగిలి ఉంది. ఎవరూ మాట్లాడడం లేదు. వాకిట్లో పొన్నమ్మాళ్ పుల్లలు పేరుస్తూ, ముప్పై ఏళ్ళుగా పేరుస్తున్నప్పుడల్లా చేసినట్టే, గొంతులో ఏదో పాడుకుంటోంది.

గోవిందమ్మాళ్ చెయ్యెత్తి చూపించింది.

"అదో. అదే" అంది.

ముగ్గురూ తల్లి వైపు తిరిగారు. పొన్నమ్మాళ్ పాట ఆపి, ఏమి అన్నట్టు చూసింది. చర్చిలో ఆమె ఎప్పుడూ ఆడవాళ్ళ చివరి చాప మీద, పత్తిచేను వైపు వెనక వాకిలి పక్కన కూర్చునేది. అక్కడి నుంచే పాడేది. చాపల మీది ముప్పై మందీ పిల్లలనే చూసేవాళ్ళు, ఆమెను కాదు. పిల్లలు ముగ్గురూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఉండేవాళ్ళు. చేలోకి మాత్రం ఆమె గొంతే నేరుగా పోయేది.

"అమ్మా, పొద్దున్నుంచి ఎందుకు చెప్పలే?" అని అడిగింది జెయంతి.

"మీరు అడగలేదే" అంది పొన్నమ్మాళ్. "కాఫీ అడిగితిరి, ఇస్తిని. పాట అడిగితిరా?"

తరువాత ఆమె చేతిలోని పుల్లలు కింద పెట్టి చెప్పింది. పుల్లలు పేరుస్తూ తానేదో పాడుకుంటూ ఉంటే మునుసామి విని దానికి మాటలు కట్టాడట. ఆ పాట ఒక్కటే బోసిగా ఉందని, పక్కన నడవడానికి మూడు రాగాలు అల్లి ముగ్గురికీ నేర్పాడట. మరి ముగ్గురికీ నీదే అసలు పాటని ఎందుకు చెప్పాడని అంతోణి నిష్ఠూరంగా అడిగాడు.

"చెప్పకుంటే మీరు పాడుదురా? నీది తోడు పాట అంటే ఈ తంగసామి సైకిలు దిగి పరిగెత్తి ఉండును" అంది పొన్నమ్మాళ్. "ముగ్గురికీ అదే మాట చెప్పినాడంటే, ముగ్గురూ కావాలనే కదా నాయినా."

జెయంతికి మళ్ళీ ఏడుపు వచ్చింది, ఈసారి అది బాధ కాదు. పొద్దున పోగొట్టుకున్నానని ఏడ్చిందే మళ్ళీ చేతికి వచ్చినట్టు ఆమెకు అనిపించింది. అమ్మకేం తెలుసని తాను కూడా పొద్దున కాఫీయే అడిగినందుకు సిగ్గుపడింది.

అంతసేపు కూర్చునే తీరిక లేదు. మూడున్నర దాటింది. నలుగురూ నిలబడ్డారు. పొన్నమ్మాళ్ చివరి చాప దగ్గర, ముగ్గురూ మూడు మూలల్లో. ఇప్పుడు పెద్దవాళ్ళమయ్యాం, వేళ్ళెందుకని అంతోణి అన్నాడు. వేళ్ళు లేకుండా మొదలుపెట్టారు. రెండో మాటకు అంతోణి అమ్మ రాగంలోకి జారిపోయాడు, నాలుగో మాటకు జెయంతి, పల్లవి ముగిసేసరికి తంగసామి. నలుగురూ ఒకే రాగంలో పాడి ఆగారు. ఇంగొకరిది వింటే నీది పోతాదని మునుసామి చెప్పింది చెప్పినట్టే జరిగింది.

కేసెట్‌లో నాలుగు నిమిషాల టేపు మిగిలింది. ముగ్గురూ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. ఇరవై ఐదేళ్ళ మనిషి, ఇరవై మూడేళ్ళ మనిషి, ఇరవై ఏళ్ళవాడు చిన్నపిల్లల్లాగా నిలబడడం చూసి గోవిందమ్మాళ్‌కు నవ్వొచ్చింది. పాట చెడుతుందేమోనని లేచి బయటికి వెళ్ళింది. ఈసారి పాట కుదిరింది. కుదిరిందని పాడినవాళ్ళకు తెలియదు, పాస్టరయ్యకు మాత్రం ఒళ్ళు జలదరించింది. సంగీతం రాని మనిషి, భాష తెలియని మనిషి, అయినా బొత్తాం మీద వేలు అట్లాగే పెట్టుకుని ఉండిపోయాడు.

రెండో చరణం అయ్యాక చివరి పల్లవి ఎత్తుకునే ముందు నలుగురూ గాలి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. ఆ ఖాళీలో బయటి నుంచి గోవిందమ్మాళ్ గొంతు పొడుగ్గా వచ్చింది. "ఓసి నల్లదానా, పత్తి మేసింది చాలు, ఇంటికి రావే." చెవులు మూసుకున్న ముగ్గురూ అది వినలేదు. పాస్టరయ్య విన్నాడు, కానీ తెలుగు కనుక పాటలోదే అనుకున్నాడు. పొన్నమ్మాళ్‌కు వినబడింది, అర్థమైంది కూడా. పాట మధ్యలో ఆపకూడదని మునుసామి చెప్పాడు కనుక ఆపలేదు. చివరి పల్లవి ముగియగానే టేపు టక్కుమని ఆగింది, రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది.

కేసెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పి వినే సమయం కూడా లేదు. జెయంతి పరిగెత్తుకుంటూనే అట్ట మీద తమిళంలో రాసింది, పాట మునుసామి, రాగం పొన్నమ్మాళ్ అని. నా పేరెందుకు అని పొన్నమ్మాళ్ వెనక నుంచి అంది. అని మళ్ళీ, సరిగ్గా రాసితివా అని కూడా అడిగింది. విరుదునగర్ చేరేసరికి చీకటి పడింది. నానిన బియ్యాన్నీ పప్పునూ కుమారవేల్ తానే రుబ్బి పెట్టి, పాట మూడు నిమిషాలదే కదా అని అడిగాడు. జెయంతి అన్నం పెట్టుకుంది.

నెల తరువాత ఆదివారం పండగ. చర్చికి కొత్త సున్నం, వాకిలికి మామిడాకులు, పుస్తకాల కట్ట. ముప్పై ఒకటో పేజీలో తమిళ అక్షరాల్లో తెలుగు పాట ఉంది. కింద మునుసామి అని ఉంది. మారిసామి అని లేదు. పక్కన పొన్నమ్మాళ్ అని ఉంది. పొన్నమ్మాళ్‌కు చదవడం రాదు, జెయంతి ఆమె వేలు పట్టుకుని రెండు పేర్ల మీదా పెట్టి చూపించింది. పొన్నమ్మాళ్ ఆ వేలును మొదటి పేరు మీద చాలాసేపు ఉంచింది. ఆ సంతోషంలో మిగతా పేజీ ఎవరూ చదవలేదు.

పాడడానికి విరుదునగర్ నుంచి పాటల మాస్టారు ఇరవై మందితో వచ్చాడు. నిజాయితీ మనిషి. కేసెట్ గంటసేపూ విన్నానని, ముందు యాభై నిమిషాలు కుటుంబమంతా ఎంతో ఆవేశంగా ప్రార్థన చేశారని, తన కళ్ళు చెమర్చాయని జెయంతితో అన్నాడు. తెలుగు తనకు తెలియకపోయినా చివరి పాటలో ఒక్క అక్షరం కూడా వదలకుండా రాసుకున్నానని చెప్పాడు. జెయంతి ఆయనకు దణ్ణం పెట్టింది.

ఇరవై మందీ నాలుగు వరసల్లో నిలబడి ఎత్తుకున్నారు. జెయంతి చేతులు అలవాటుకొద్దీ చెవుల దాకా వెళ్ళాయి. పొన్నమ్మాళ్ పక్క నుంచి ఆ చేతులను లాగి ఒళ్ళో పెట్టింది. అట్లా జెయంతి ఆ పాటను జీవితంలో మొదటిసారి విన్నది. అమ్మ రాగం మధ్యలో నడుస్తోంది, దానికి ఒక పక్క తనది, ఒక పక్క అంతోణిది, కింద తంగసామిది. నాయిన తలలో ఇంత ఉండేదా అనుకుంది. అటు చూస్తే తంగసామి మఫ్లర్‌తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంతోణి నోరు తెరుచుకుని వింటున్నాడు.

రెండో చరణం అయింది. ఇరవై మందీ ఒక్కసారిగా ఆగారు. ముందు వరసలో నుంచి తెల్లచీర కట్టిన ఒక పెద్దావిడ ఒక అడుగు ముందుకు వేసి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి పొడుగ్గా పాడింది.

"ఓసి నల్లదానా, పత్తి మేసింది చాలు, ఇంటికి రావే."

జనమంతా తల వంచుకుని ఆమెన్ అన్నారు. గోవిందమ్మాళ్ ఎంత పిలిచినా ఏనాడూ కదలని మేక, కిటికీ అవతల తలెత్తి ఒకసారి విని, తిన్నగా ఇంటిదారి పట్టింది.